ఫ్రెంచి భాషలో పూర్వభవిష్యత్ కాలం: రూపచరిత్ర, ప్రయోగం, తెలుగు సామ్యం

వ్యాససంగ్రహం

ఫ్రెంచి క్రియారూపాలలో 'ఫ్యుతూర్ ఆంతేరియర్' అనే కాలానికి ప్రత్యేకమైన చరిత్ర ఉంది. భవిష్యత్తులో ఒక పని మరొక పనికంటె ముందే ముగుస్తుందని చెప్పడం దీని ప్రధాన ప్రయోజనమని పాఠ్యవ్యాకరణాలు బోధిస్తాయి. అయితే జరిగిపోయిన పనిని ఊహించి చెప్పడానికి, ఒక జీవితాన్ని లేదా ఒక యుగాన్ని వెనుదిరిగి అంచనా కట్టడానికి కూడా ఫ్రెంచివారు ఈ రూపాన్నే వాడతారు. లాటిను నుండి ఈ రూపం ఏర్పడిన క్రమాన్ని, వ్యాకర్తలు దీనికి పెట్టిన పేర్లలోని భేదాన్ని, చట్టభాషలో దీని స్థానాన్ని పరిశీలించి, తెలుగులోని 'వచ్చి ఉంటాడు' వంటి ప్రయోగంతో దీనికి గల సామ్యభేదాలను చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫ్రెంచి వ్యాకరణం, పూర్వభవిష్యత్తు, సహాయక క్రియ, క్త్వార్థకం, ఊహార్థం, అనువాదం

1. ఉపోద్ఘాతం

'ఫ్యుతూర్' అంటే భవిష్యత్తు, 'ఆంతేరియర్' అంటే ముందటిది. ఈ రెండు మాటలను కలిపి 'పూర్వభవిష్యత్తు' అని తెలుగు చేసుకోవచ్చు. 'జొరే షాఁతే' (నేను పాడి ఉంటాను), 'ఇల్ సెరా వెన్యూ' (అతడు వచ్చి ఉంటాడు) అన్నవి దీనికి ఉదాహరణలు. సహాయక క్రియను భవిష్యత్తులో నిలిపి, ప్రధాన క్రియ భూతకృదంతాన్ని దానికి చేర్చడమే దీని నిర్మాణం. విద్యార్థి నేర్చుకోవలసిన సూత్రం ఇంతే కాబట్టి దీనిని సులభమైన పాఠంగా భావించడం పరిపాటి. రూపం సులభమే. చిక్కంతా అర్థంలో ఉంది. ఆ చిక్కు ఎక్కడినుండి వచ్చిందో తెలియాలంటే రూపచరిత్రను చూడక తప్పదు.

2. లాటిను రూపం అంతరించిన తీరు

లాటినులో ఈ అర్థానికి ఒకే పదంతో కూడిన రూపం ఉండేది. 'పాడు' ధాతువుకు భవిష్యత్తు 'కంతాబో', పూర్వభవిష్యత్తు 'కంతావెరో'. సమాప్తిని తెలిపే 'కంతావ్' అన్న అంగానికి 'ఎరో' చేరింది. 'ఎరో' అన్నది 'ఉండు' అనే అర్థమిచ్చే క్రియకు భవిష్యత్ ఉత్తమపురుష ఏకవచన రూపంతో సమానంగా ఉంటుంది. ప్రథమపురుష బహువచనంలో మాత్రం ఈ పోలిక చెదిరి 'ఎరింత్' వస్తుంది. ఈ చిన్న తేడాకు పెద్ద ఫలితం ఉంది. లాటినులో సమాప్త్యర్థక సంభావనారూపం కూడా ఇదే అంతాన్ని కలిగి ఉంటుంది. ఉత్తమపురుష ఏకవచనాన్ని మినహాయిస్తే ఈ రెండు రూపావళులూ, అచ్చుల నిడివిని పక్కన పెడితే, ఒకటిగానే కనిపిస్తాయి. 'పాడి ఉంటాడు' అన్న కాలవాచకమూ 'పాడి ఉండవచ్చు' అన్న సంభావనా ఒకే వేషంలో తిరిగాయన్నమాట. ఊహకూ పూర్వభవిష్యత్తుకూ గల సంబంధం తరువాతి కాలంలో మరొక దారిన మళ్ళీ తలెత్తింది కాబట్టి ఈ విషయం గుర్తుంచుకోదగినది.

మామూలు భవిష్యత్తు పరిస్థితి ఇంతకంటె దీనం. ఉచ్చారణలో 'బ'కారం 'వ'కారానికి దగ్గర కావడంతో 'కంతాబిత్' (పాడతాడు), 'కంతావిత్' (పాడాడు) అన్న రెండింటికీ మధ్య భేదం కరిగిపోయింది. మరొక వర్గంలో 'లెగిత్' (చదువుతున్నాడు), 'లెగెత్' (చదువుతాడు) అన్నవి ఒక్క అచ్చు తేడాతో నిలిచాయి. ఆ అచ్చు కూడా నిలకడ కోల్పోయింది. భూతభవిష్యత్తులకు తేడా వినిపించని స్థితిలో జనం వేరే మార్గం వెదుక్కోవడం సహజం.

ఆ మార్గం తుమున్నర్థక రూపానికి 'కలిగి ఉండు' అనే క్రియను చేర్చడం. 'కంతారె హబెఓ' అంటే మొదట 'నాకు పాడవలసి ఉంది' అని అర్థం. టెర్టూలియన్, అగస్టీన్ వంటి క్రైస్తవ రచయితల లాటినులో ఈ కూర్పు తరచుగా కనిపిస్తుంది. విధిని తెలిపే మాట క్రమంగా భవిష్యత్తును తెలిపే మాటగా మారింది. రెండు పదాలూ అతుక్కొని ఫ్రెంచిలో 'షాఁతరే' అయ్యాయి.

అతుక్కున్న రూపానికి తొలి సాక్ష్యం ఒక స్థలపురాణంలో దొరకడం విశేషం. 7వ శతాబ్దికి చెందిన ఫ్రెడెగార్ వృత్తాంతంలో జస్టీనియన్ చక్రవర్తి చేజిక్కిన పారశీక రాజును కొన్ని ప్రాంతాలు తిరిగి ఇమ్మంటాడు. రాజు పాత లాటిను భవిష్యత్తులో 'ఇవ్వను' అంటాడు. చక్రవర్తి కొత్త భవిష్యత్తులో 'దారాస్', అంటే 'ఇస్తావు' అంటాడు. అందువల్లనే ఆ చోట వెలసిన పట్టణానికి దారా అన్న పేరు వచ్చిందని కథ. నిజానికి ఆ కోటపట్టణాన్ని కట్టించినవాడు అంతకుముందు ఏలిన అనస్తాసియస్. ఊరి పేరుకు కథ అల్లే అలవాటు ఏ దేశానికైనా ఉన్నదే. చరిత్రగా ఈ కథకు విలువ లేదు. కాని ఓడినవాడి నోట పాతరూపాన్నీ గెలిచినవాడి నోట కొత్తరూపాన్నీ పలికించిన ఆ రచయిత తనకు తెలియకుండానే భాషాశాస్త్రజ్ఞులకు గొప్ప ఉపకారం చేశాడు. 842 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బూర్‌లో జరిగిన ప్రమాణాల నాటికి ఈ కొత్త భవిష్యత్తు స్థిరపడిపోయింది. నితార్ నమోదు చేసిన ఆ ప్రమాణపాఠంలో 'సల్వరాయ్' (కాపాడతాను) వంటి రూపాలు ఉన్నాయి.

'కంతావెరో' మాత్రం ఫ్రాన్సులో నిలవలేదు. ఐబీరియా ద్వీపకల్పంలో అది సంభావనారూపంతో కలిసిపోయి భవిష్యత్ సంభావనార్థకంగా బ్రతికింది. నేటి స్పానిష్‌లో ప్రధానంగా చట్టాలలోను, ఘనీభవించిన కొన్ని నుడులలోను దాని వారసరూపం కనిపిస్తుంది.

3. ఒకే క్రియ మూడుసార్లు

పాతరూపం పోయిన చోట కొత్తరూపాన్ని నిలబెట్టినది కూడా 'కలిగి ఉండు' క్రియే. దానికి భూతకృదంతం తోడైంది. 'నా దగ్గర వ్రాసిన ఉత్తరం ఉంది' అన్న వాక్యంలో ఉత్తరం వస్తువు, 'వ్రాసిన' దాని విశేషణం. వ్రాసినవాడు మరొకడు కావచ్చు. సిసెరో నాటి లాటినులోనే 'తెలుసుకొని ఉంచుకొన్నాను' అన్న పద్ధతిలో ఈ కూర్పు ఉంది. తెలుగులో 'వ్రాసి పెట్టుకొన్నాను' అన్నప్పుడు 'పెట్టు' తన అసలు అర్థాన్ని సగం వదులుకొని పని ముగిసిందని సూచించినట్లే, అక్కడ 'హబెఓ' కూడా స్వామ్యాన్ని వదులుకొని సమాప్తిని పట్టుకొంది. క్రమంగా వ్రాసినవాడూ కలిగి ఉన్నవాడూ ఒక్కడే అయ్యాడు.

ఈ సహాయక క్రియను భవిష్యత్తులో ఉంచితే పూర్వభవిష్యత్తు సిద్ధిస్తుంది. 'కలిగి ఉండు' అర్థంలోని ఫ్రెంచి క్రియ 'అవ్వార్'. దాని భవిష్యత్తు 'ఒరే'. దీనికి పాతరూపం 'అవ్రే'. రేఫకు ముందున్న వకారం అచ్చుగా మారడంతో 'ఒరే' మిగిలింది. తెలుగు చెవికి ఇది ఎవరినో చనువుగా పిలిచినట్లు వినిపించినా, ఆ చిన్న మాటలో ఒకే లాటిను క్రియ రెండుసార్లు ఉంది. తుమున్నర్థక రూపమైన 'హబేరె' ఒకటి, దాని వెనుక అతికిన 'హబెఓ' మరొకటి. ఇక 'నాకు లభించి ఉంటుంది' అనదలచి 'జొరే యూ' అంటే, చివరి 'యూ' అదే క్రియకు భూతకృదంతం కాబట్టి ఆ క్రియ ముచ్చటగా మూడుసార్లు వచ్చినట్లు. ఫ్రెంచివారిలో ఎవరికీ ఆ స్పృహ ఉండదు. అరిగిపోయిన నాణెం మీది బొమ్మను ఎవరు చూస్తారు?

రూపావళి ఇలా ఉంటుంది: ఒరే, ఒరా, ఒరా, ఒరోఁ, ఒరే, ఒరోఁ. వ్రాతలో ఆరు రూపాలూ వేరు. పలుకులో మూడే మిగులుతాయి. నేను, మీరు అన్నవాటికి ఒకే ధ్వని, నువ్వు, అతడు అన్నవాటికి మరొకటి, మేము, వారు అన్నవాటికి ఇంకొకటి. అందుచేత ఫ్రెంచిలో సర్వనామం విడవడానికి వీలులేదు. తెలుగులో 'వచ్చి ఉంటావు' అన్నప్పుడు ప్రత్యయమే పురుషను చెబుతుంది.

కొన్ని క్రియలకు 'అవ్వార్' కాక 'ఉండు' అర్థంలోని 'ఎత్ర్' సహాయకమవుతుంది. వచ్చు, పోవు, పుట్టు, చచ్చు, పడు, చేరు వంటి అకర్మకాలూ, ఆత్మార్థక క్రియలన్నీ ఈ కోవలోనివి. దీని మూలం కూడా లాటినులోనే ఉంది. అక్కడ 'పుట్టు', 'చచ్చు' అన్న క్రియలకు సమాప్తిని చెప్పేటప్పుడు కృదంతానికి 'ఉండు' క్రియే చేరేది. ఆ నమూనాను గమనార్థక క్రియలు అందుకొన్నాయి. ఈ సహాయకంతో కృదంతం కర్త లింగవచనాలను అనుసరిస్తుంది. 'అవ్వార్'తో వచ్చినప్పుడు మాత్రం కర్మ క్రియకు ముందు ఉంటేనే కృదంతం ఆ కర్మను అనుసరిస్తుంది. ఇది 16వ శతాబ్దిలో క్లెమాఁ మారో అనే కవి ఇటలీ భాషను ఆదర్శంగా చూపి ప్రచారం చేసిన నియమం. 1647లో వోజ్లా తన గ్రంథంలో దీనిని సుదీర్ఘంగా చర్చించాడు. 1901లో ప్రభుత్వం పరీక్షలకు సంబంధించి కొన్ని సడలింపులను ప్రకటించినా నియమం మాత్రం నేటికీ నిలిచి ఉంది. పలుకులో చాలావరకు వినిపించని ఈ అనుగుణ్యానికి ఇన్ని శతాబ్దాల శ్రమ అవసరమా అన్న ప్రశ్న ఫ్రాన్సులోనే తరచు వినిపిస్తుంది.

4. పేరు విషయంలో వ్యాకర్తల భేదం

1660లో అర్నో, లాఁసెలో అనే ఇద్దరు పోర్ రాయల్ మఠానికి చెందిన పండితులు ఒక సామాన్య వ్యాకరణాన్ని వెలువరించారు. రాత్రి భోజనం చేయడాన్ని ఉదాహరణగా తీసుకొని, ఆ పని స్వతహాగా భవిష్యత్తు, రాబోయే మరొక సంగతిని బట్టి చూస్తే భూతం అని వారు వివరించారు. దానికి వారు పెట్టిన పేరు సమాప్తభవిష్యత్తు. నేటి పాఠ్యపుస్తకాల నిర్వచనానికి ఈ వివరణే తల్లి.

ఒక శతాబ్దం గడిచాక నికొలా బోజే దీనిని తలక్రిందులు చేశాడు. దిదెరో, దాలాఁబేర్‌ల విజ్ఞానసర్వస్వానికి వ్యాకరణ వ్యాసాలు సమకూర్చిన ఇతడు, 1767లో తన సామాన్య వ్యాకరణాన్ని ప్రకటించాడు. అతని వర్గీకరణలో ఇది భవిష్యత్తే కాదు, భూతకాలంలో ఒక భేదం. ఉత్తరభూతం అనదగిన పేరును దానికి పెట్టాడు. చూసేవాడి నిలువు రాబోయే కాలంలో ఉంది, అక్కడినుండి చూస్తే పని గతించింది, కాబట్టి క్రియ స్వభావం భూతమే అన్నది అతని తర్కం. బోజే పదజాలం బడులలో నిలవలేదు. అతని వర్గీకరణలో కాలాల సంఖ్య ఇరవైదాకా పోయింది. అంత బరువును ఏ బడిపిల్లవాడు మోస్తాడు? 1842లో బెషెరెల్ సోదరులు ఎనిమిది వేల క్రియల రూపాలతో ప్రకటించిన సంపుటి దిశలోనే బోధన సాగింది. పట్టికలు గెలిచాయి, ఆలోచన వెనుకబడింది. అయినా ఈ కాలం అర్థాన్ని లోతుగా చూసినది బోజేయే అని చెప్పడం సమంజసం.

20వ శతాబ్ది పండితులు మళ్ళీ అతని దారికి సమీపంగా వచ్చారు. 1929లో గుస్తావ్ గీయోమ్ సంయుక్తరూపాలు తెలిపేది కాలాన్ని కాదనీ, వ్యాపారం ముగిసిన స్థితిని అనీ ప్రతిపాదించాడు. 1959లో ఎమీల్ బెన్వెనిస్త్ సంయుక్తరూపాలకు రెండు పనులున్నాయని వివరించాడు. స్వతంత్ర వాక్యంలో అవి సమాప్తిని తెలుపుతాయి. మరొక క్రియతో ముడిపడినప్పుడు దానికంటె ముందటిదని తెలుపుతాయి. తర్కశాస్త్రవేత్త హాన్స్ రైకెన్‌బాక్ 1947లో ఇంకొక ముఖ్యమైన సంగతి చూపాడు. పూర్వభవిష్యత్తులో పని జరిగే క్షణం, చూసే క్షణంకంటె ముందుంటే చాలు. అది మాట్లాడే క్షణానికి తరువాత కావచ్చు, అదే క్షణం కావచ్చు, ముందే జరిగిపోయి ఉండవచ్చు. 'రేపు నువ్వు వచ్చేసరికి ఉత్తరం చేరి ఉంటుంది' అన్న వాక్యం ఆ ఉత్తరం నిన్ననే చేరినా అబద్ధం కాదు.

ఇక్కడే ఊహార్థానికి తలుపు తెరుచుకుంటుంది. 'ల త్రాఁ సెరా పార్తీ' అంటే 'బండి వెళ్ళిపోయి ఉంటుంది'. బండి వెళ్ళడం భవిష్యత్తు కాదు. వెళ్ళిందని రూఢి కావడం మాత్రం భవిష్యత్తు. స్టేషనుకు చేరి ఖాళీ పట్టాలను చూసినప్పుడు తేలవలసిన సంగతిని ముందే ఉచ్చరించడమే ఇందులోని కిటుకు.

5. చట్టభాషలో

ఈ రూపం మనుషుల ప్రాణాల మీద అధికారం చలాయించిన చోటు చట్టం. 1810 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతిలో నేరాన్ని నిర్వచించే వాక్యాలు అనేకం 'ఎవడు ఫలానా పని చేసి ఉంటాడో' అన్న పూర్వభవిష్యత్తుతో మొదలై, 'వాడు శిక్షింపబడును' అన్న భవిష్యత్తుతో ముగుస్తాయి. తీర్పు రోజున నిలబడి చూస్తే నేరం గతం. చట్టం వ్రాసిన రోజున నిలబడి చూస్తే రెండూ రావలసినవే. ఈ రెండు చూపులనూ ఒకే క్రియలో ఇమడ్చగలిగినది ఈ రూపం. 1994లో అమలులోకి వచ్చిన కొత్త స్మృతి ఈ పద్ధతిని చాలావరకు వదలి, 'ఫలానా పని చేయడం' అన్న నామరూపంతో నేరాన్ని పేర్కొంటుంది.

పాత స్మృతి 12వ నిబంధన మరణశిక్షకు సంబంధించినది. అందులోని క్రియను తొందరలో చదివితే పూర్వభవిష్యత్తులా కనిపిస్తుంది. 'అవ్వార్' భవిష్యద్రూపం ఉంది, 'నరుకు' అర్థంలోని క్రియకు భూతకృదంతం ఉంది. కాని ఆ రెండింటి నడుమ 'తల' అన్న మాట ఉంది. ఆ ఒక్క మాట స్థానం వల్ల వాక్యానికి 'శిక్ష పడినవాడి తల నరకబడును' అని అర్థం. అదే మాటను కృదంతం తరువాతికి జరిపితే 'శిక్ష పడినవాడు తల నరికి ఉంటాడు' అవుతుంది. చచ్చేవాడు చంపేవాడుగా మారతాడు. తల స్వామ్యం కాగా 'నరికిన' దాని విశేషణమైన ఈ కూర్పు, పైన చెప్పిన లాటిను 'వ్రాసిన ఉత్తరం ఉంది' కూర్పే. రెండు వేల ఏళ్ళ నాటి వాక్యనిర్మాణం 1981లో మరణశిక్ష రద్దయ్యేదాకా చట్టంలో నిలిచి ఉంది.

ఫ్రెంచి ఇండియాకు కూడా ఈ స్మృతులు వర్తించాయి. గోదావరి తీరాన తెలుగువారు నివసించే యానాం అందులో భాగం. ఫ్రెంచి పాలన 1954లో ముగిశాక, 1956 మే 28న కుదిరిన విలీన ఒప్పందం 1962లో అమలులోకి వచ్చింది. ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధులు మరొక విధంగా నిర్ణయించనంతవరకు ఫ్రెంచి అధికారభాషగా కొనసాగుతుందని అందులో ఒక నిబంధన ఉంది. 'నిర్ణయించనంతవరకు' అన్న షరతును చెప్పడానికి ఫ్రెంచి చట్టభాషకు సహజమైన రూపం పూర్వభవిష్యత్తే. తెలుగుకు అక్కడ కాలమే అక్కరలేదు. 'నిర్ణయించని' అన్న వ్యతిరేక క్రియాజన్య విశేషణంతో పని జరిగిపోతుంది.

తెలుగు నేలమీద ఫ్రెంచివారు క్రియారూపాలను పరిశీలించిన సందర్భం ఇంతకు పూర్వమే ఉంది. 18వ శతాబ్దిలో తెలుగుదేశంలో పనిచేసిన జెసూట్ మతగురువు గాస్తోఁ లోరాఁ కూర్దూ తెలుగు నేర్చి నిఘంటువును కూర్చాడు. 1767లో పారిస్ విద్వత్సభకు పంపిన లేఖలో సంస్కృత, లాటిను భాషలలో 'ఉండు' క్రియ రూపావళులను ప్రక్కప్రక్కన నిలిపి వాటి చుట్టరికాన్ని సూచించాడు. ఆ రచన 1808 దాకా అచ్చుకు నోచుకోలేదు. బోజే వ్యాకరణం వెలువడినదీ 1767లోనే. ఒకరు క్రియాకాలాల తర్కాన్ని, ఇంకొకరు క్రియారూపాల వంశాన్ని ఒకే ఏడాది పట్టుకొన్నారు.

6. 'వచ్చి ఉంటాడు'

చిన్నయసూరి బాలవ్యాకరణం భూత, భవిష్యత్, వర్తమాన, తద్ధర్మ కాలాలను చెప్పింది. పూర్వభవిష్యత్తు అందులో లేదు. దాని అవసరాన్ని అసమాపక క్రియలు తీర్చాయి. 'నువ్వు వచ్చాక వెళ్తాను' అన్న వాక్యాన్ని ఫ్రెంచిలో చెప్పాలంటే మొదటి క్రియ పూర్వభవిష్యత్తులో, రెండవది భవిష్యత్తులో ఉండి తీరాలి. తెలుగులో 'వచ్చాక' పౌర్వాపర్యాన్ని చూసుకొంటుంది, కాలాన్ని 'వెళ్తాను' చూసుకొంటుంది. 'భోంచేసి వస్తాను' అన్నదానిలో క్త్వార్థకం, 'భోంచేస్తే వస్తాను' అన్నదానిలో చేదర్థకం అదే పని చేస్తాయి. ఈ రెండు భాషలూ ఒకే బరువును వేర్వేరు భుజాల మీద మోస్తున్నాయి. తెలుగు విద్యార్థి ఉపవాక్యంలో మామూలు భవిష్యత్తును వాడి తప్పుచేయడానికి కారణం అశ్రద్ధ కాదు. అతని మాతృభాషలో ఆ చోట సమాపక క్రియే లేదు.

ప్రధాన వాక్యంలో మాత్రం ఆశ్చర్యకరమైన పోలిక ఉంది. క్త్వార్థకానికి 'ఉండు' చేరిన 'వచ్చి ఉంటాడు' అచ్చంగా 'ఇల్ సెరా వెన్యూ'కు సమానం. 'రేపు ఈ వేళకు వచ్చి ఉంటాడు' అంటే కాలం. 'చెప్పుల చప్పుడైంది, వచ్చి ఉంటాడు' అంటే ఊహ. హిందీలో 'చలా గయా హోగా' కూడా ఇదే తీరు. తాళంచెవి కనబడనివాడు తెలుగులో 'ఇంట్లోనే మరచిపోయి ఉంటాను' అని తన గురించి తానే ఊహించినట్లు, ఫ్రెంచివాడూ ఉత్తమపురుష పూర్వభవిష్యత్తులోనే గొణుక్కుంటాడు. ఇవి వేర్వేరు కుటుంబాల భాషలు. ఒకదానినుండి మరొకటి ఎరువు తెచ్చుకొన్నది కాదు. ముగిసిన పనికి రాబోయే కాలపు ముద్ర వేస్తే ఊహ పుట్టడం క్రియాస్వభావంలోనే ఉందని దీనివల్ల తెలుస్తుంది. కాబట్టి తెలుగు తరగతిలో ఈ పాఠాన్ని ఇంగ్లీషు మీదుగా బోధించడం కంటె నేరుగా 'వచ్చి ఉంటాడు'తో మొదలుపెట్టడం మేలు.

పోలిక చెదిరే చోటు ఒకటుంది, అనువాదకులకు అది గండం. ఫ్రెంచి పత్రికలు ప్రముఖులు మరణించినప్పుడు 'ఆయన తన శతాబ్దిపై ముద్ర వేశారు' అనడానికి పూర్వభవిష్యత్తును వాడతాయి. లెక్క ముగిసింది, రేపటి చరిత్ర ఇలాగే చూస్తుంది అన్న నిశ్చయం అందులో ఉంటుంది. జాక్ లకాఁ 1953లో మనిషి తన గతాన్ని చూసే తీరును ఈ కాలంతోనే వివరించాడు. ఝాఁ ఫ్రాఁస్వా లియోతార్ ఆధునికానంతర వాదాన్ని నిర్వచించడానికీ దీనినే ఆశ్రయించాడు. ఈ వాక్యాలను తెలుగులో 'ముద్ర వేసి ఉంటారు' అని రూపానుసారంగా మార్చితే నిశ్చయం కాస్తా సందేహమవుతుంది. శ్రద్ధాంజలి అనుమానంగా పరిణమిస్తుంది. అక్కడ 'ముద్ర వేశారు', 'ముద్ర వేసినవారుగా మిగులుతారు' వంటి మాటలే శరణ్యం.

నిత్యవ్యవహారంలో 'ఓన్ ఒరా తూ వ్యూ' అని ఒక నుడి ఉంది. వింతగానో దారుణంగానో ఏదైనా జరిగినప్పుడు ఫ్రెంచివారి నోట వచ్చే మాట. అక్షరాలా తీసుకొంటే 'అంతా చూసేసి ఉంటాం' అని. ఇక చూడవలసినది మిగలలేదని దాని ధ్వని. అదే సందర్భంలో తెలుగువారు 'ఇంకా ఎన్ని చూడాలో' అంటారు.